డాక్టర్లు దిగి రావాల్సిన కిటికీ

డాక్టరు తనంతట తాను నడిచి వస్తే తప్ప, కాంపౌండరు ప్రేమరాజు మందుల కిటికీలోంచి దగ్గు మందు చుక్క కూడా బయటికి రాదు. చీటీ మీద సంతకం ఉంటే చాలదు, మనిషి రావాలి! కోరమండల్ గని కార్మికుల ఇళ్ల లైన్ల పక్కనున్న ఆ చిన్న ఆసుపత్రిలో, గనులు సర్కారు చేతికి వచ్చాక డాక్టర్లు మారారు, సూపరింటెండెంట్లు మారారు, గోడల రంగు కూడా మారింది. ఈ మహానుభావుడు మాత్రం మారలేదు.

దీనివల్ల కాళ్లరిగేలా తిరిగింది నర్సు జెసింతా. డాక్టరు గది మేడ మీద, మందుల కిటికీ కింద వరండా చివర.

"అన్నానికి ముందని రాసినారు సిస్టరమ్మా. పొద్దున ఇడ్లీకి ముందా, మధ్యాన్నం ముద్దకి ముందా?"

"ఏదైతే ఏమప్పా, ఇచ్చేయరాదా!"

"అట్లెట్లా? డాక్టర్ని రమ్మను."

మర్నాడు మందు చేదట. పేషెంటు ఉమ్మేస్తే ఎవరు పూచీ, డాక్టరే వచ్చి చెప్పాలట. ఇంకోరోజు సీసా మూత బిగుసుకుపోయిందన్నాడు.

"మూత తీసేదానికి ఎంబీబీఎస్ కావల్నా?" అని జెసింతా అరిచింది.

"ఇద్దరు పట్టుకుంటే సులువు గదమ్మా" అన్నాడు, అదేదో న్యాయమైన మాటైనట్టు!

పోనీ పనిదొంగా అంటే అదీ కాదు. ప్రాణం మీదికొచ్చిన కేసైతే, చీటీ రాసేలోపే చెప్పులు కింద వదిలేసి, ఇంజెక్షన్ పట్టుకుని మెట్లెక్కేసేవాడు. జెసింతాకి అందుకే ఒళ్ళు మండేది. అంత పరుగెత్తగలిగినవాడికి మామూలు రోజుల్లో ఈ బడాయి ఏమిటి?

కొత్త సూపరింటెండెంటు డాక్టరు రామకృష్ణప్ప వచ్చీరాగానే ఆర్డరు వేశాడు. డాక్టర్లు గది వదలకూడదు. చీటీ తెస్తే ప్రేమరాజు నోరు మూసుకుని మందు ఇవ్వాలి, లేదా గోడౌనుకి బదిలీ. జెసింతా సంతోషం పట్టలేక మేరీమాతకి కొవ్వొత్తి మొక్కుకుంది.

మర్నాడు, ఆకలి పుట్టించే టానిక్కు చీటీ తీసుకుని దర్జాగా కిటికీ దగ్గర నిలబడింది.

"డాక్టరు యాడ?" అన్నాడు ప్రేమరాజు.

"రారు. ఆర్డరు ఉండాది."

"ఆర్డరు వాళ్లకి. నా కిటికీకి కాదు. గోడౌనుకి పొమ్మంటే పోతాను, ఈడ ఉన్నంతసేపూ డాక్టరు రావల్సిందే!"

ఆ కేకలు మేడమీదికి వినిపించాయి. కుర్ర డాక్టరు శంకరనారాయణ దిగివచ్చాడు. ఆయన వెనకే రామకృష్ణప్ప తాడెత్తున లేచి వచ్చాడు.

"ఏమప్పా, ఉద్యోగం చేసే ఉద్దేశం ఉండాదా లేదా?"

"ఉండాది సార్. సీసా వెతికి తెస్తాను, రవంత ఉండండి" అని ప్రేమరాజు బీరువాల వెనక మాయమయ్యాడు.

వరండా బెంచీ మీద దొడ్డమునియప్ప దగ్గాడు. గనిలో రాయి తొలిచి తొలిచి, ఆ దుమ్మంతా గుండెల్లో నింపుకున్న ముసలాయన. రిటైరయ్యాడు కాబట్టి మేడమీద ఆయనకి చీటీ ఇవ్వరు. శంకరనారాయణ చెయ్యి దానంతటదే స్టెతస్కోపు మీదికి పోయింది.

"ఎన్నాళ్లుగా పెద్దాయనా ఈ దగ్గు?" అంటూ వంగి, వీపు మీద పెట్టి విన్నాడు. ఏ మందు కొనుక్కోవాలో చెప్పాడు.

జెసింతాకి అప్పుడు వెలిగింది. నిన్నా ఇదే బెంచీ. మొన్నా ఇదే. మొత్తం రిటైరైనవాళ్లూ, వాళ్ల ఆడవాళ్లూ. వాళ్లని గదిలో చూడటానికి రూలు ఒప్పుకోదు. వరండాలో ఊరికే నిలబడ్డ డాక్టరు చూడకూడదని మాత్రం ఏ రూలూ లేదు! ఆమె గబగబా మందుల గదిలోకి పోయింది. ప్రేమరాజు సీసా చేత్తో పట్టుకుని, బీరువాల సందులోంచి బయటికి చూస్తున్నాడు.

"నాకొక్క మాట చెప్పుంటే ఇన్నాళ్లూ తిట్టేదాన్ని కాదు గదప్పా!"

"నువ్వు తిట్టకుంటే డాక్టర్లు నమ్ముతారామ్మా?"

జెసింతా ఆ సీసా లాక్కుని దూది డబ్బాల వెనక దాచేసింది. బయటికి వచ్చి, "దొరకలేదు సార్!" అంది, తల ఎత్తుకుని.

రామకృష్ణప్ప మొహం కందగడ్డలా అయింది. ఆయన నోరు తెరిచేలోపే బెంచీ చివరనుంచి, రిటైరైన కార్మికుడి భార్య అలివేలమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ డాక్టరే గదా నాయనా? కాళ్లు వాసినాయి, రవంత చూడు."

ఈయన ఆ చెయ్యి విదిలించుకున్నాడంటే రేపటినుంచి ఈ బెంచీ ఖాళీ. సూపరింటెండెంటు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి బెంచీ మీద కూలబడి, ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కాడు.

"పడుకుంటే ఊపిరి ఆడతాండాదామ్మా?"

ఇంతసేపయ్యేసరికి లోపల ప్రేమరాజుకే భయం పట్టుకుంది. "సీసా దొరికింది సార్!" అని కేకేశాడు.

రామకృష్ణప్ప తలెత్తకుండానే కసిరాడు.

"అది కాదప్పా! పోయి ఇంగోటి వెతుకు."