గడ్డం వంచి చూపించమనే ఆవిడ

మెదడుజ్వరం మా ఊళ్లోకి దిగిన ఏడాది, చీపురుపల్లి చుట్టుపక్కల మెడలన్నీ మా ఆశా కార్యకర్త సొంత ఆస్తి. ఎవరి ఒళ్లు వెచ్చబడినా "గడ్డం గుండెకి ఆనించు, సూద్దాం" అనేది; మెడ వంగకపోతే మెదడుజ్వరమని ఆవిడ అనుమానం. తాళి కట్టబోతూ తుమ్మిన పెళ్లికొడుకు చేత కూడా ఆనిపించింది. ఆవిడ వస్తోందంటే మా వీధి మేకలు సైతం తల వంచేసేవి.

నా ప్రాక్టీసు ఇంకా పెద్దది. ఎదురుకాళ్లతో పుట్టినవాడి కాలు తగిలితే పట్టేసిన మెడ వదులుతుందని మావైపు నమ్మకం. నేను అలా పుట్టిన మహానుభావుణ్ణి.

ఒక ఉదయం పక్కింటి కోడలు నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది.

"గుంటకి మెడ పట్టీసినాది మావా, ఓపాలి కాలు తగిలించు."

పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది. అయినా తగిలించాను. తగ్గకపోతే సాయంత్రం మళ్లీ తెమ్మన్నాను.

సాయంత్రం పిల్లని మళ్లీ తెచ్చేలోపే పక్కింటికి ఆశా కార్యకర్తే వచ్చింది. పిల్ల మెడ వంగలేదు. ఆసుపత్రికి ఆటో ఎక్కిస్తూ నన్ను చూసి, "నాలుగిళ్లవతలే కదా ఉన్నాను బావా! ఓ కేక ఎయ్యనేకపోనావేటి?" అంది.

పిల్ల బతికింది, వినికిడి పోయింది. రోడ్డు మీదికి పరిగెత్తితే పిలిచినా ఆగదని, తల్లి కూలిపని మానేసి దాని చెయ్యి పట్టుకునే తిరుగుతోంది.

ఇంత జరిగినా, మొన్న ఒకాయన జ్వరంతో మెడ పట్టేసిందని నా గుమ్మమే ఎక్కాడు. ఆశా కార్యకర్త దగ్గరికి పొమ్మంటే, "కాలు తగిలించడానికి గీరేటి నీకు?" అని అలిగి, పక్కూళ్లో ఉన్న మరో ఎదురుకాళ్లవాడి దగ్గరికి పోయాడు.

పరుగున వెళ్లి ఆవిడకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చెప్పులేసుకుని పక్కూరి దారి పట్టింది.