బాబాయి గీత దాటిన రోజు

మొన్న మా చేలో డ్రోనుతో మందు కొడుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. దాన్ని నడిపే కుర్రాడు ఒక చేత్తో మీట తిప్పుతూ రెండో చేత్తో మిరపకాయ బజ్జీ తింటున్నాడు. గాలిలో వస్తువును తిప్పడానికి మనిషి కూడా గిర్రున తిరగనక్కర్లేని రోజులు వచ్చేశాయన్నమాట. మా బాబాయి అందుకోసం సగం వయసు గుండ్రంగానే తిరిగాడు.

తొంభైల చివరి మాట. బాబాయికి బొమ్మ విమానాల పందెం పిచ్చి. మూరెడు చెక్క విమానానికి నిజం ఇంజినే ఉంటుంది. మధ్యలో నిలబడినవాడు దాన్ని రెండు సన్నని ఉక్కు తీగలతో పట్టుకుని తన చుట్టూ తిప్పుతాడు. నూనె అయిపోయి అది దిగగానే, అంచున కాచుకున్న రెండోవాడు పట్టుకుని నూనె నింపి, వేలితో ఫ్యాను తిప్పి వదలాలి. ఆ రెండోవాణ్ణి నేను. కాలేజీ రోజులన్నీ నా చూపుడు వేలికి కట్టే ఉండేది. పరీక్షలు సరిగ్గా రాయకపోవడానికి అంతకంటే మర్యాదైన కారణం నాకు మళ్ళీ దొరకలేదు.

పందెంలో మూడు విమానాలు ఒకేసారి తిరుగుతాయి గనుక ముగ్గురు మనుషులూ ఒక చిన్న గుండ్రం గీత లోపలే భుజాలు రాసుకుంటూ తిరగాలి. గీత దాటితే పందెం పోయినట్టే. నిడదవోలు చుట్టుపక్కల ఉన్నదే ఒక్క విమానం కావడంతో, పక్కన తోసుకునే మనిషి కోసం మా నాన్నగారే దిగారు. తాతయ్య పోయాక బాబాయిని పెంచి చదివించింది ఆయనే. రైస్ మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు మీద, విమానం బదులు గొడుగు పట్టుకుని బాబాయి పక్కన తిరిగేవారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన తూలే తీరు చూసి, పెద్దాయన పగలే మొదలెట్టాడని వీధిలో అనుకునేవారట.

“తొయ్యరా నన్ను. నేనేమన్నా గాజు బొమ్మనా?” అని నాన్నగారు కసిరేవారు. “మిమ్మల్నెలా తోస్తానన్నయ్యా” అంటూ బాబాయి పక్కకు జరిగేవాడు. ఎన్నాళ్ళు సాధన చేసినా జరగడమే బాగా వచ్చింది.

యూరప్‌లో జరిగే పోటీకి మమ్మల్ని ఎంపిక చేశారు. దేశం మొత్తం మీద ఆ పందెం ఆడేవాళ్ళు ఒక జీపులో పడతారు గనుక అదేమంత ఘనకార్యం కాదు గానీ, బాబాయికి మాత్రం ఒక్క పందెమైనా చివరిదాకా తిప్పి రావాలన్నదే బతుకులో మిగిలిన కోరిక. ఆ శీతాకాలమే నాన్నగారు నిద్రలో పోయారు. బాబాయి ప్రయాణం మానేస్తానన్నాడు. “ఆయన అన్నాళ్ళు ఎండలో తిరిగింది దేనికి మరి?” అంది అమ్మ, అంతే. విమానం పెట్టె పట్టుకుని రైలెక్కాం. అది హార్మోనియం అనుకుని, మా బోగీలోని పెద్దమనిషొకాయన మద్రాసు దాకా పాడమని ప్రాణం తీశాడు.

అక్కడ యూరప్‌లో పందెం బాగానే మొదలైంది. నా వేలు తెగకుండానే ఒకసారి నూనె పోయడం కూడా అయింది. అప్పుడు పక్కన తిరుగుతున్న తెల్లజుట్టు పెద్దాయన, అందరూ చేసేదే, భుజంతో కొంచెం ముందుకు తోసుకొచ్చాడు. బాబాయి రెండడుగులు వెనక్కి వేసి, ఇంట్లో గుమ్మం దగ్గర ఇచ్చినట్టే ఆయనకు దారిచ్చాడు. ఈల మోగింది. ఇంజిను ఆగేదాకా తీగలు వదలడానికి వీల్లేదు కాబట్టి, ఓడిపోయాక కూడా కాసేపు గీత అవతల తిరుగుతూనే ఉన్నాడు.

“ఏంటి బాబాయ్?” అన్నాను.

“పెద్దాయన కదరా” అన్నాడు, తీగలు చుట్టుకుంటూ.

ఆ పెద్దాయన కూడా గెలవలేదని చెప్పాను. నా దగ్గరున్న ఓదార్పు అదొక్కటే, అదీ పని చేయలేదు. బాబాయి మళ్ళీ విమానం ముట్టుకోలేదు.

మన చిన్నప్పుడు పెద్దవాళ్ళు ఎదురైతే ఒదిగి నిలబడటం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. దారివ్వడానికి ఒకరంటూ ఉండటం కూడా ఒక సుఖమేనని అప్పట్లో తెలియలేదు. అమ్మ కూడా పోయాక, ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద బాబాయే. శుభకార్యాల్లో మేమంతా జరిగి ఆయనను ముందు నడవమంటాం. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఒకడుగు వెనక్కి వేసి, ఇంకా ఎవరో రావాలన్నట్టు ఆగిపోతాడు. తొందరపెట్టడం మాకు చేతకాదు. వెనకాల మేమూ ఆగుతాం.