తప్పు ఫిల్టరు

2016 వేసవిలో రాజమండ్రి దానవాయిపేటలో, ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టరుగా చేరాను. ఆట జనంలోకి వెళ్ళేముందు ఆడి చూసి, తప్పులు పట్టి రాసి ఇవ్వడం టెస్టరు పని. అంతకుముందు కొవ్వూరులో టీవీ మెకానిక్‌ని. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను.

పుట్టుకతోనే నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనపడతాయి. టీవీల రోజుల్లో రెసిస్టర్ల మీద విలువ తెలిపే రంగు గీతలు చదవలేక, ప్రతిదాన్నీ మీటరు పెట్టి కొలిచేవాణ్ణి. తెర మీద రంగులు సరిచేసేటప్పుడు మాత్రం లోపలికి కేకేస్తే నా భార్య సుభద్ర వచ్చి నిలబడేది.

"ఎరుపు తగ్గించండి, ఆ అమ్మాయి మొహం టమాటా పచ్చడిలా ఉంది. ఆఁ, చాలు చాలు! ఇప్పుడు పదిరోజులు జ్వరం పడ్డదానిలా అయిపోయింది."

ఆమెకొక కోరిక ఉండేది. "మీ కళ్ళతో ఒక్కసారి చూడాలండీ. గోంగూర కట్టా, నా ఎర్రచీరా మీకెలా ఉంటాయో" అనేది. అది చెప్పడం నాకు చేతకాలేదు. నేనీ ఉద్యోగంలో చేరడానికి ఏడాది ముందే పోయింది.

మేం చేస్తున్నది రంగు పూసల ఆట. ఒకే రంగువి మూడు వరసలో చేరిస్తే మాయమవుతాయి. పదకొండో లెవెల్లో ఎరుపూ ఆకుపచ్చా కలిసి వచ్చాయి. నేనక్కడే ఆగిపోయాను. ప్రతి తప్పుకీ దాని తీవ్రత రాయాలి మేము. అన్నిటికన్నా పెద్దది 'బ్లాకర్'. అది ఉండగా ఆటను విడుదల చెయ్యకూడదు. నేను బ్లాకర్ అని రాశాను. టీమ్ లీడ్ మౌనిక దాన్ని 'మైనర్', అంటే చిన్నది, అని మార్చి ఆ చీటీ మూసేసింది. తెలివైన పిల్లే, విడుదల దగ్గరపడిన తొందర.

"రంగులు కరెక్టుగానే ఉన్నాయి కదా అంకుల్, బగ్ ఎక్కడుందండీ?"

"ఆటలో ఉందమ్మా. నాలో లేదు" అని మళ్ళీ తెరిచాను.

"మీలాంటివాళ్ళు ఎంతమంది ఆడతారు?"

"ఆడనిస్తే కదా తెలిసేది!"

మౌనిక మూసింది. నేను తెరిచాను. చార్జరుకి ఒకే బుల్లి లైటు పెట్టి, ఎర్రగా ఉంటే ఎక్కుతున్నట్టు, ఆకుపచ్చగా ఉంటే నిండినట్టు అని నిర్ణయించిన మహానుభావుణ్ణే నేను ఇంకా క్షమించలేదు. నేను పరీక్షించిన ఆట కూడా నాలాంటివాణ్ణి గుమ్మం బయట నిలబెడితే ఎలా ఊరుకుంటాను?

చివరికి మౌనిక సెట్టింగుల్లో రంగులు మార్చే ఒక ఫిల్టరు పెట్టి, "ఇదిగో అంకుల్, మీ మోడ్. ఇంక నన్ను వదిలెయ్యండి బాబూ" అంటూ ఫోను చేతికిచ్చింది. ఆడాను.

"ముందెలా ఉందో అలాగే ఉందమ్మా."

"అదెలాగండీ?" అని లాక్కుని తనే ఆడింది. ఓడిపోయింది. మళ్ళీ ఆడింది. "ఏంటిది! ఎర్రవేవి ఇందులో? అంతా బురదబురదగా ఉంది!"

ఫోను చేతులు మారింది. ఆఫీసులో ఒక్కరూ ఆ లెవెల్ దాటలేదు. అప్పుడు బయటపడింది సంగతి. రంగులు విడదీసే ఫిల్టరు పెట్టబోయి, నాలాంటివాళ్ళకి ఎలా కనపడుతుందో మామూలు కళ్ళకి చూపించే ఫిల్టరు పెట్టింది. డిజైనర్లు తమ బొమ్మల్ని పరీక్షించుకోవడానికి వాడేది అది. అందరూ నవ్వారు. మౌనిక నవ్వలేదు.

"మీకెప్పుడూ ఇలాగే ఉంటుందాండీ?"

"బురద అని నాకేం తెలుసమ్మా, నువ్వంటే తెలిసింది."

సుభద్రకి నేను ఏళ్ళ తరబడి చెప్పలేకపోయింది ఆ పిల్ల అరచేతిలో ఉంది. బతికి ఉంటే ఆ సాయంత్రమే గోదావరి వంతెన దాటి కొవ్వూరు వెళ్ళి చూపించేవాణ్ణి. ఎర్రచీర కట్టుకుని, గోంగూర కట్ట పట్టుకుని, తెర మీది పూసలతో పోల్చి చూసుకోమనేవాణ్ణి.

నేను రాసిన ఆ చీటీని ఈసారి మౌనికే తెరిచి, తన చేత్తో బ్లాకర్ అని మార్చింది. విడుదల వెనక్కి జరిగింది. ఎరుపు పూస మీద చుక్క, ఆకుపచ్చ మీద గీత, మిగతావాటికీ తలొక గుర్తు వచ్చాయి. సెట్టింగుల్లో దాచకుండా, మొదటి లెవెల్ నుంచే, అందరికీ. నేను పదకొండో లెవెల్ దాటాను. ఫిల్టరు తీసేశారు.

తీసెయ్యకముందు నేను ఎక్కించుకున్న ఆ తప్పు ఫిల్టరు ఆట నా పాత ఫోనులో ఇంకా ఉంది. అప్పుడప్పుడు చార్జింగు పెడతాను. నిండిందో లేదో లైటు చూసి చెప్పే మనిషి లేదు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇదీ: ఒక తప్పు సరిచేశామని రాసి మూసేముందు, ఎవరికోసం సరిచేశామో వాళ్ళ చేతికిచ్చి చూడాలి. వాళ్ళు సరే అన్నాకే మూయాలి.