రెక్కలు ఊడొచ్చే విమానం

నిన్న మా బిడ్డ విమానం కిట్టు పెట్టె విప్పగానే తేలికచెక్క వాసన గుప్పుమంది. జగిత్యాలలో మా వరండాలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, ఒకప్పుడు నేను పనిచేసిన సౌదీ ఊరు రాబిగ్‌కు మనసులో వెళ్ళిపోయాను. అక్కడ మెయింటెనెన్స్ పనిలో మా ఫోర్‌మన్ మస్తాన్ భాయ్, కడప మనిషి. నాకు స్పానర్ పట్టడం నేర్పిందీ, పైవాళ్ళు ఎంత అరిచినా చెయ్యి వణకకుండా పని చేయడం నేర్పిందీ ఆయనే.

అప్పుడే, కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళు తలకింత కట్టాలని సౌదీలో లెవీ పడింది. భార్యనూ, కూతురు నజ్మానూ ఊరికి పంపాలని భాయ్ నిర్ణయించాడు. నజ్మా ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆ పిల్లకు విమానాలంటే పిచ్చి. పోయేలోపు ఇద్దరం కలిసి ఒకటి కడదామని ఆశపెట్టి, కిట్టు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని జెద్దా వెళ్ళాడు.

దుకాణంలో ఎర్ర జెట్ కిట్టు చూసి నేను మనసు పారేసుకున్నాను. "గిదే తీస్కో భాయ్, ఎంత జబర్దస్తుగున్నది!" అన్నాను. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే ముక్కగా ఉన్న దాని రెక్కను ఆయన జానలతో కొలిచాడు. ఊరికి సామాను కట్టే కార్టన్ కొలత మా అందరి చేతులకూ తెలుసు. చీర కొన్నా టీవీ కొన్నా ముందు ఆ అట్టపెట్టెనే తలుచుకుంటాం.

"ఇది పట్టదు అబ్బీ. రెక్కలు ఊడొచ్చేది కావాల" అంటూ, రబ్బరు మెలితిప్పితే ఎగిరే సాదా చెక్క విమానం తీశాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి ఇదా!

దాన్ని వాళ్ళింట్లో ఇస్త్రీ బల్లమీద కట్టారు. మొదట మూతి ముడుచుకుని చూసిన నజ్మా, ఒకరోజు ఉండబట్టలేక "జిగురు ఎక్కువైంది నాయనా!" అని గదమాయించింది. ఆ ఒక్క మాటకు ఆయన పొంగిపోయాడు. సముద్రం ఒడ్డున విమానం మొదటిసారి పల్టీ కొట్టింది, రెండోసారి ఎగిరింది. అందరికంటే ఎక్కువ కేకలు వేసింది నేనే.

ప్రయాణం రోజు నజ్మా రెక్కలు మాత్రమే కార్టన్‌లో పెట్టింది. మిగతా విమానం తండ్రి చేతికిచ్చి, "ఇది నువ్వు తీసుకొని రా. అప్పుడు ఎగరేద్దాం" అంది. భాయ్ దాన్ని తెచ్చి గోడకు వేలాడదీశాడు.

తర్వాత, సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలు ఇచ్చి తీరాలన్న నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ మనుషులను తగ్గించింది. భాయ్‌ను ఇంకో కఫీల్, అంటే వీసాకు పూచీపడే యజమాని, పనికి పిలిచాడు. "మారిపో భాయ్, నీ పనికి ఎవడైనా ఎగబడి తీస్కుంటడు" అని పోరాను.

ఆయన గోడకు వేలాడుతున్న రెక్కల్లేని విమానం చూపించాడు. "దీన్ని ఎన్నాళ్ళు ఇట్టా పెట్టుకునేది అబ్బీ? నేను ఊరికి పోయేదానికి ఎగ్జిట్ కొట్టించుకుంటాండా" అన్నాడు. దాన్ని చంకలో పెట్టుకునే విమానం ఎక్కాడు. నేనూ ఎంతోకాలం ఆగలేదు, వచ్చేశాను.

నిన్న ఇక్కడి దుకాణంలోనూ నా చెయ్యి దానంతటదే జానలు వేసింది. "ఏం కొలుస్తున్నవ్ బాపు?" అంది మా బిడ్డ. నాకు నవ్వొచ్చింది. రెక్క ఊడిరాని ఎర్ర జెట్టే కొన్నాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ కార్టన్ కట్టడం లేదు.