అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి

సిరోంచలో తహసీల్ కచేరీ ఎదుట మాకు ఒక చిన్న గది ఉండేది. ముందు భాగంలో మా ఆయన జిరాక్స్ మిషన్, వెనక కిటికీ పక్కన నా కంప్యూటర్. మాది నదికి మరాఠీ రాష్ట్రం వైపు ఒడ్డు కాబట్టి పొద్దంతా మరాఠీలో దరఖాస్తులు టైపు చేసేదాన్ని. పొలం కాగితం కోసమో, పిల్లల సర్టిఫికెట్ కోసమో వచ్చినవాళ్లు తమ గోడు తెలుగులో చెప్పుకునేవారు. చెవి తెలుగులో వినేది, వేళ్లు మరాఠీలో కొట్టేవి. మధ్యలో నేను ఎక్కడ ఉండేదాన్నో నాకే తెలిసేది కాదు. కిటికీలోంచి ప్రాణహిత నది మీది గాలి వస్తుంటే, ఎవరో చెబుతున్న మాటలు నీళ్లలా నా చేతుల మీదుగా కాగితంలోకి దిగిపోతున్నట్టుండేది.

ఆ విద్య నాకు మా చిన్నమ్మ నేర్పింది. అమ్మకు చెల్లెలు. కంప్యూటర్లు రాకముందు ఆ ఊళ్లో మరాఠీ టైపు క్లాసు నడిపింది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, రెండు చేతులూ దగ్గరగా పెట్టి, మీటల వైపు చూడకుండా కొట్టాలనేది. టైపు మిషన్ మీద ఏ అక్షరం ఎక్కడ ఉండేదో కంప్యూటర్‌లోనూ అక్కడే పెట్టుకుని నేను పని సాగించాను.

కొన్నేళ్లకు మణికట్లు నొప్పి పట్టాయి. మొదట చిటికెన వేలి వైపు సన్నగా సలిపేది. తర్వాత బట్టలు పిండలేకపోయాను, రొట్టె చరచలేకపోయాను. మా అత్త ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టేది. ఆకు వేడికి కాసేపు హాయిగా ఉండి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోగానే నొప్పి మొదలయ్యేది.

మంచిర్యాల డాక్టరుకు చూపించుకున్నాం. కొన్ని నెలలు టైపు మానెయ్యమన్నాడు. మానేస్తే ఏం చేయాలో నాకు తోచలేదు. తిరుగు ప్రయాణంలో ఒడ్డున బస్సు దిగి పడవ ఎక్కాం. అప్పటికి అక్కడ వంతెన లేదు. మధ్యాహ్నపు ఎండలో నది తెల్లగా, కదలకుండా పరుచుకున్నట్టుంది. పడవ మాత్రం కదులుతోంది. నాకు కళ్లు మూతలు పడ్డాయి. ఆ మగతలో నా వేళ్లు వాటంతట అవే మోకాళ్ల మీద టైపు చేస్తున్నాయి, ఎడమ చెయ్యి ఎడమ మోకాలి మీద, కుడి చెయ్యి కుడి మోకాలి మీద. ఏం కొడుతున్నానో గుర్తులేదు. నొప్పి లేదన్న సంగతి మాత్రం తెలిసింది. కళ్లు తెరిచి, చేతులు రెండూ ఒడిలోకి తెచ్చి, మిషన్ మీద పెట్టినట్టు పెట్టాను. మణికట్లు బయటికి వంగి సలుపు మొదలైంది. మళ్లీ విడదీశాను. పోయింది.

ఇంటికొచ్చాక మా ఆయనతో చెప్పాను. "చెయ్యికొక కీబోర్డు పెడితే ఎట్లుంటది?"

ఆయన లేచి జిరాక్స్ మిషన్ ఆపాడు. "పెట్టి చూద్దాం. కొట్టింది ఏ చెయ్యో కంప్యూటర్‌కేం తెలుస్తది."

పాత కీబోర్డు ఒకటి మూలన ఉంది. దాని తీగను కంప్యూటర్ వెనక గుండ్రటి రంధ్రంలో పెట్టి, నేను వాడే కొత్తదాని తీగను పక్కన బల్లపరుపు రంధ్రంలో పెట్టాడు. రెండూ పనిచేశాయి. ఎడమ బోర్డు మీద షిఫ్ట్ నొక్కిపెట్టి కుడి బోర్డు మీద అక్షరం కొడితే, ఒకే బోర్డు అన్నట్టు పై అక్షరం పడింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. కానీ ఎడమ బోర్డు చివర అంకెల మీటలు అడ్డం రావడంతో చేతులు మరీ దూరమై, సాయంత్రానికి భుజాలు లాగాయి. ఎడమ చేతికి అంకెలు లేని పొట్టి బోర్డు కావాలి.

దాని కోసం మళ్లీ నది దాటాను. మంచిర్యాల స్టేషను దగ్గరి సందులో పాత కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. నా అవసరం విని ఆయన నవ్వలేదు. ఉన్న బోర్డులన్నీ నేల మీద పరిచాడు. "నాకైతే ఎరుక లేదక్కా. నువ్వే కండ్లు మూస్కొని కొట్టి చూడు, నీ వేలికి ఏది మంచిగనిపిస్తే అది" అన్నాడు.

కళ్లు మూసుకున్నాను. కొన్ని మీటల కింద రబ్బరు ఉంది. బురదలో కాలు పెట్టినట్టు అడుగు దాకా దిగితే తప్ప అక్షరం పడదు. కొన్నింటి కింద మీటకొక స్ప్రింగు, సగం దిగగానే టిక్కుమని మోత. ఆ చప్పుడుకు చిన్నమ్మ క్లాసు, వరసగా మిషన్లు, కిటికీ చువ్వల నీడలు నా మూసిన కళ్ల ముందుకు వచ్చాయి. మూడో రకంలో స్ప్రింగు ఉంది కానీ మోత లేదు. వేలు నూనెలోకి జారినట్టు దిగి, దానంతటది పైకి తేలుతుంది. మనసు టిక్కుమనే రకం వైపే లాగింది. కానీ నొప్పి ఎక్కువున్న ఎడమ చెయ్యి చప్పుడు లేనిదాని మీదే ఆగిపోయింది. అదృష్టంకొద్దీ ఏదో దుకాణం బిల్లుల కౌంటరు నుంచి వచ్చిన పొట్టి బోర్డు ఆ రకమే. కుడి చేతికి మోగేది, ఎడమ చేతికి మోగనిది తీసుకుని సంచిలో వేసుకుని పడవెక్కాను.

ఇక అక్షరాల అమరిక. పాత పద్ధతిలో సగం అక్షరాల కోసం చిటికెన వేలు మాటిమాటికీ చాచాలి. నా నొప్పికి అదీ ఒక కారణమే. కంప్యూటర్‌లో మరో అమరిక కూడా ఉందని వెతుకుతుంటే తెలిసింది. అందులో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతి కింద, హల్లులు దాదాపు అన్నీ కుడి చేతి కింద ఉంటాయి. మరాఠీ 'క' ఏ మీట మీద ఉందో తెలుగు 'క' కూడా అక్కడే. మరాఠీలో 'కి' గుర్తు అక్షరానికి ఎడమన పడుతుంది కనుక మిషన్ మీద ముందు గుర్తు, తర్వాత అక్షరం కొట్టాలి. ఇందులో ముందు అక్షరం, తర్వాత గుర్తు, బడిలో గుణింతం చదివినట్టు.

చిన్నమ్మతో చెబితే ఆమెకు నచ్చలేదు. "చేతులకు ఒక తొవ్వ అలవాటైనంక మారిస్తే పాతది పోతది, కొత్తది రాదు బిడ్డా" అంది.

ఆమె అన్నట్టే అయింది కొన్నాళ్లు. వానాకాలం, కచేరీకి వచ్చేవాళ్లు తక్కువ. పాతది తప్పుతోంది, కొత్తది తట్టడం లేదు. నిద్రలో అక్షరాలు మీటలు వదిలి నది మీద తేలుతూ కనిపించేవి. పట్టుకోబోతే పక్కకు జరిగేవి. ఒక పొద్దున మాత్రం ఒక దరఖాస్తు మొత్తం తడబడకుండా వచ్చింది. ఎప్పుడు నేర్చుకున్నానో తెలియలేదు.

ఆ వానల్లోనే దగ్గరి ఊరు బామ్ని నుంచి ఒక పెద్దమనిషి కూతురి పెళ్లిపత్రిక కోసం వచ్చాడు. తెలుగు పత్రికలకు ఎప్పుడూ నది దాటి పోయేవారు. వరదకు పడవలు ఆగిపోయాయి. తెలుగులో కొడతావా అని సందేహంగా అడిగాడు. కొడతానన్నాను. ఆయన చెబుతుంటే, అంతకాలం వేళ్ల దగ్గరికి వచ్చి మారిపోయిన మాట ఆ రోజు మారకుండా కాగితం మీదికి వచ్చింది. ఆయన పత్రిక పట్టుకుని గడపలో నిలబడి రెండుసార్లు చదువుకుని వెళ్లాడు.

ఆ సంగతి విని చిన్నమ్మ ఒక మధ్యాహ్నం గొడుగు వేసుకుని వచ్చింది. వెనక కుర్చీలో కూర్చుని, మీటల వైపు చూడకుండా వింది.

"సగం చప్పుడే వస్తున్నదేంది?"

మోగేవి హల్లులని, మోగనివి గుణింతాలని చెప్పాను. ఆమె ఇంకాసేపు వింది. తర్వాత లేచి నన్ను జరగమని నా కుర్చీలో కూర్చుంది. మీటల మీద తెలుగు అక్షరాలు లేవు. పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెప్పాను. చాలాసేపటికి తెర మీద ఒక వాక్యం పడింది: వాన వచ్చేటట్టున్నది.

"ఇన్నేండ్లు కొట్టిన గని, మిషన్ మీద మన మాట ఎన్నడు కొట్టలే" అంది మెల్లగా.

ఆ తర్వాత పని లేని మధ్యాహ్నాలు ఆమె వచ్చేది. చిన్నప్పుడు ఎండాకాలంలో నది ఇసుకలో వేసిన పుచ్చ తీగల గురించి, గుడిసెలో కాపలా పడుకున్న వాళ్ల నాన్న, అంటే మా తాత గురించి ఒకటి రెండు వాక్యాలు కొట్టేది. తప్పులు నన్ను దిద్దనిచ్చేది కాదు. నా మణికట్లు పూర్తిగా నయం కాలేదు, చలికాలం పొద్దున ఇప్పటికీ బిగుస్తాయి. కానీ రొట్టె నేనే చరుస్తాను, టైపు మానలేదు. చిన్నమ్మ వెళ్లాక, ఆమె లేచిన కుర్చీ ఇంకా వెచ్చగా ఉండగానే నేను కూర్చుని, ఎవరి దరఖాస్తూ కాని నాలుగు మాటలు తెలుగులో రాసుకునేదాన్ని. అట్లా మొదలైంది నాకు ఈ రాసే అలవాటు.