ఓలావి గారి నిశ్శబ్దానికి మా ఊరి శాలువా

నిన్న పొద్దున్న ఫిన్లాండ్ నుంచి ఫోన్ వచ్చింది.

"నేను ఓలావి కూతుర్ని" అంది ఒకమ్మాయి ఇంగ్లిష్‌లో. ఆ తర్వాత మాట లేదు. లైన్ కట్ అయిందేమో అనుకుని నేను హలో హలో అని అరుస్తున్నాను. లైన్ బాగానే ఉంది. ఆ అమ్మాయి ఏడుస్తోంది.

ఓలావి గారు పోయారు.

చేతిలో ఉన్న కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు. మా వారు వయొలిన్ క్లాసు ఆపేసి పిల్లల్ని ఇంటికి పంపేశారు. నాకు జ్వరమొచ్చినా క్లాసు ఆపని మనిషి.

మన రాజమండ్రి వాళ్ళలో చాలామందికి ఆయన గుర్తుండే ఉంటారు. గుర్తులేని వాళ్ళకి చెబుతాను. అప్పట్లో ఒక చలికాలమంతా మా మేడ మీద గదిలో అద్దెకున్న పొడుగాటి తెల్లాయన. వాళ్ళ దేశంలో పేరున్న కంపోజర్. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు ఆయన రాసిన సంగీతం వాయించేవట. అది మాకు ఆయన వెళ్ళిపోయాక తెలిసింది. ఆయన చెప్పలేదు. అసలు ఆయన ఏదీ చెప్పేవారు కాదు.

ఢిల్లీలో ఏదో వర్క్‌షాప్‌లో మా వారి వయొలిన్ విని, వెతుక్కుంటూ వచ్చారు.

మాట్లాడని మనిషి గోదావరి వాళ్ళకి దొరికితే ఊరుకుంటామా?

పాలవాడు, ఎదురింటి పిన్నిగారు, ఇస్త్రీ ఆయన, అందరూ "భోజనం చేశారా అండి?" అనేవాళ్ళే. ఆయన తల ఊపేవారు. ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట "చాలు". మా ఇళ్ళల్లో ఆ మాటకి విలువ లేదని పాపం ఆయనకి తెలీదు. చాలు అన్నప్పుడల్లా ఇంకో గరిటె పనసపొట్టు కూర వడ్డించేదాన్ని. చివరికి కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టడం నేర్చుకున్నారు. వేళ్ళ మీదే నెయ్యి వేశాను.

ఒకసారి ప్రశాంతంగా ఉంటుందని పట్టిసీమ వెళ్ళారు. లాంచీ ఒడ్డు చేరేలోపు పక్కవాళ్ళు జీతమెంత, పిల్లలెందరు, షుగరుందా, అన్నీ అడిగేశారట. తిరిగొచ్చి గది తలుపు వేసుకున్నారు. నేను తలుపు కొట్టి పకోడీలు ఇచ్చాను.

నేను మాత్రం తక్కువ తిన్నానా! ఒకరోజు కాఫీ ఇస్తూ అడిగేశాను.

"ఏమీ అనుకోకండి, మీ ఆవిడని తీసుకురాలేదేంటండీ?"

మా వారు నన్ను కొరకొరా చూసి, చచ్చినట్టు ఇంగ్లిష్‌లో అడిగారు.

ఓలావి గారు కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పారు. ఆవిడ పోయిందట. ఆ తర్వాత సంగీతం రాయడమే ఆగిపోయిందట. ఇప్పుడు మా మేడ మీద రాస్తున్నది ఆవిడ కోసమేనట. నాలుగు వయొలిన్లు. మధ్యలో ఒకచోట నాలుగూ ఆగిపోతాయి.

"ఇంట్లో ఇప్పటికీ అలవాటుగా ఆవిణ్ణి పేరు పెట్టి పిలుస్తాను" అన్నారు. "పిలిచి, పలుకుతుందేమోనని ఆగుతాను. ఆ ఆగడమే ఇది. ఇది పాడైతే ఇంక మిగతాదంతా వాయించీ లాభం లేదు."

నాకు ఏడుపొచ్చేసింది. "మా ఊళ్ళోనే కచేరీ పెట్టండి. ఒక్కళ్ళు కిక్కురుమన్నా నన్నడగండి" అని మాటిచ్చేశాను.

రాజమండ్రి జనం తరఫున నిశ్శబ్దానికి గ్యారంటీ ఇచ్చిన మనిషి నాకు తెలిసి నేనొక్కదాన్నే.

కచేరీ రోజు హాలు గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. "మధ్యలో ఆగుతుంది. అయిపోయినట్టు కాదు. చప్పట్లు కొట్టకండి, దగ్గకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు అందరూ.

పల్లీల వాణ్ణి గేటు అవతలికి తోలేశాను.

నేను చెప్పని మనిషి ఒక్కరే. కచేరీ ఏర్పాటు చేసిన సంగీత సభ ప్రెసిడెంట్ గారు. ఆయన వెనక గుమ్మంలోంచి వచ్చి స్టేజి పక్కన కూర్చున్నారు. రైస్ మిల్లు ఓనరు. మంచి మనిషే, కానీ ఎవరికో ఒకరికి సన్మానం చేస్తే గానీ అన్నం అరగదు. ఒళ్ళో శాలువా పెట్టుకుని మొదటి నుంచీ కాచుకుని ఉన్నారు.

మా వారూ, ముగ్గురు శిష్యులూ ఎంత బాగా వాయించారో! వాయిస్తూ వాయిస్తూ, ఆపారు.

హాలంతా నిశ్శబ్దం. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వీళ్ళు మన జనమేనా అనిపించింది.

అప్పుడు లేచారండీ ప్రెసిడెంట్ గారు.

శాలువా దులుపుకుంటూ స్టేజి ఎక్కేశారు. "కూర్చోండి మహానుభావా, ఇంకా అవలేదు!" అని మూడో వరసలోంచి అరిచాను. మరేం చెయ్యను! ఆ హడావుడికి జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేశారు. మైకు కీచుమంది. "ఫిన్లాండ్ ముద్దుబిడ్డ, మన గోదావరి అల్లుడు..." అని మొదలెట్టారు ఆయన. అల్లుడెప్పుడయ్యాడో మరి! శాలువా, దండ, వెంకటేశ్వరస్వామి ఫొటో, ఉపన్యాసం. సగం జనం చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయారు.

నాకు ఓలావి గారి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఆయన దండ తీయకుండా కుర్చీలో కూర్చుని ఉపన్యాసం మొత్తం విన్నారు. అది అయ్యాక మా వారి వైపు చూసి తల ఊపారు. వయొలిన్లు మళ్ళీ అందుకున్నాయి. గుమ్మం దగ్గర జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ప్రెసిడెంట్ గారు, దిగితే చప్పుడవుతుందని, మైకు పట్టుకుని స్టేజి మధ్యలో చివరిదాకా అలాగే ఉండిపోయారు.

ఇంటికొచ్చాక మా వారు ఓలావి గారి చేతులు పట్టుకుని సారీ మీద సారీ. నేనైతే ఆ మిల్లాయన్ని తిట్టని తిట్టు లేదు.

ఓలావి గారు నవ్వారు. మా ఇంటికొచ్చాక పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదలు.

"ఎన్నాళ్ళుగానో పిలిచి ఆగుతున్నాను" అన్నారు. "ఎవరూ పలకలేదు. ఇవాళ ఒకాయన పలికారు. శాలువా కూడా తెచ్చారు."

నేను లోపలికెళ్ళి పమిట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాత వాళ్ళ దేశంలో అదే సంగీతం పెద్ద హాల్లో వాయించారట. ఫోన్ చేసి చెప్పారు. "అంతా బాగా జరిగింది. ఆగిన చోట ఒక్కరూ కదల్లేదు. నేను మాత్రం ఎవరైనా లేస్తారేమోనని పక్కకి చూస్తూ కూర్చున్నాను."

ఓలావి గారూ, వెళ్ళి రండి.

ఈసారి పేరు పెట్టి పిలవండి. ఆవిడ పలుకుతుంది.

ఇద్దరూ అక్కడ చల్లగా, ప్రశాంతంగా ఉండండి. 🙏