ఎర్మెలిందా ఇంట్లో ఆగిపోయిన తల్లి

ఆ ఊరి చర్చికి చరిత్రంటూ ఉంటే అది ఒక్కటే ముక్క: సాయిబిణ్ మాత ఇంతవరకూ ఏ ఇంటినీ దాటేసి పోలేదు. ఏటా క్రిస్మస్ ముందు ఆ మరియతల్లి చిన్న విగ్రహం ఇంటింటికీ వెళ్తుంది, ఒక్కో ఇంట ఒక్క రాత్రి బస. సాయంత్రం వాడంతా అక్కడ చేరి జపమాల చెప్పి, పాట పాడి, ఉడికించిన శనగలు తిని, మగాళ్లయితే ఓ చుక్క ఫెణీ కూడా వేసుకుని పోతారు. మర్నాడు ఆ ఇంటివాళ్లే తల్లిని మోసుకెళ్లి పక్కింట్లో అప్పగించాలి.

ఎర్మెలిందా పక్కిల్లు సాంతాన్‌ది. ఈ ఏడాది అతని పంది కంచె దూరి వచ్చి ఆమె ఎండబెట్టుకున్న కొబ్బరంతా మేసింది. అడగబోతే, "నీ కొబ్బరి తిని మా పందికి కడుపు పాడైంది, మందు ఎవరు పోస్తారు?" అన్నాడు ఆ మహానుభావుడు. అంతే, ఆ రోజునుంచీ మాటల్లేవు. సర్దిచెప్పడానికి ఇద్దరిళ్లలోనూ ఇంకో మనిషి లేడాయె.

"వాడు తప్పు ఒప్పుకునేదాకా వాడి గడప తొక్కను. తల్లి ఇక్కడే ఉంటుంది," అని తేల్చేసింది ఎర్మెలిందా, తల్లి తన ఇంట బస చేసిన మర్నాడు.

"పంది చేసినదానికి తల్లిని జైల్లో పెడతావా అమ్మా? మన చర్చి చరిత్రకే మచ్చ!" అన్నాడు ఫాదర్.

"జైలా? పూలు, దీపాలు, రోజూ పాట! మీ బంగళాలో మీకు జరుగుతోందా ఈ వైభోగం?"

ఫాదర్ ఇంకో గుప్పెడు శనగలు తీసుకున్నాడు. వాడవాళ్లకేం, తేరగా వస్తుంటే రోజూ దిగబడ్డారు. శనగల సంచి ఖాళీ అయితే ఆమె మడ్‌గావ్ బజారుకి మనిషిని పంపింది. నిజం చెప్పొద్దూ, ఆమెకు సంతోషంగానే ఉంది. మొగుడు పోయాక ఆ సావడి అంత నిండింది ఎప్పుడూ లేదు.

అక్కడ పాట రెండు గొంతుల మీద నడుస్తుంది. పై గొంతు ఎర్మెలిందాది, కింది గొంతు సాంతాన్‌ది, చిన్నప్పటినుంచీ అంతే. అతను లోపలికి రాడు గానీ, కంచె అవతల మంచులో నిలబడి గొంతు కలిపేవాడు. "పందిలాగే పాటా కంచె దూరుతోంది," అని సణిగేది ఆమె. సణుగుతూనే కిటికీ రెక్క ఇంకాస్త తెరిచేది.

ఓ సాయంత్రం ఆ గొంతు రాలేదు. ఆమె ఒక చరణం పాడి ఆగింది. మళ్లీ ఎత్తుకుంది. పాట నిలబడలేదు. "ఏడీ వాడు?" అంది. ఎవరికీ తెలీదు. తల్లిని చంకనేసుకుని, పంది దూరిన సందులోంచే పరిగెత్తింది. వాడంతా కొవ్వొత్తులు పట్టుకుని వెనకాల.

సాంతాన్ మెడకు దుప్పటి చుట్టుకుని గంజి తాగుతున్నాడు.

"చచ్చావనుకున్నాను కదరా!"

"గొంతు పోయిందే," అన్నాడు గుసగుసగా. "మంచులో నిలబెట్టి పాడించావు." గంజి గిన్నె కింద పెట్టాడు. "కొబ్బరి సంగతి... తప్పు నాదే."

"ముందు తల్లిని పట్టుకో, చేతులు పీకుతున్నాయి. శనగలు నానబెట్టావా?"

"రోజూ నానబెట్టాను. నువ్వు రాలేదు. పందికి పెట్టాను."

మర్నాడు తల్లి తర్వాతి ఇంటికి వెళ్లాలి. "గొంతు బాగుపడలేదు ఫాదర్, ఇంకొక్క రోజు ఉండనివ్వండి," అన్నాడు సాంతాన్. సాయంత్రం ఎర్మెలిందా వచ్చి పాడింది. ఆ మర్నాడూ అదే మాట, ఆ పై మర్నాడూ అదే. ఫాదర్ తల పట్టుకున్నాడు.

"నువ్వైనా చెప్పమ్మా వాడికి!"

పెరట్లో సాంతాన్ కంచుకంఠంతో పందిని అదిలిస్తున్నాడు.

"పాపం, గొంతు ఇంకా లేవడంలేదు ఫాదర్," అంటూ ఎర్మెలిందా శనగల గిన్నె ఆయన ముందుకు జరిపింది.